బ్రెగ్జిట్ ప్రతిష్టంభన, 2019: 230 ఓట్ల తేడాతో ఓడిన ప్రభుత్వం ఎందుకు పడిపోలేదు?

#1 గోపాలం
2019 జనవరి 15న బ్రిటన్ ప్రధాని థెరిసా మే, యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటపడడానికి తెచ్చిన బ్రెగ్జిట్ ఒప్పందం పార్లమెంటు దిగువసభ కామన్స్‌లో 202–432తో ఓడింది. మర్నాడు అవిశ్వాస తీర్మానం పెడితే అదే సభ 325–306తో ఆవిణ్ణే నిలబెట్టింది. మన దగ్గర 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ఒక్క ఓటు తేడాతో, 269–270తో దిగిపోయారు. 230 ఓట్ల తేడాతో ఓడినావిడ కుర్చీలో ఎలా ఉన్నారు?

రెండో సందేహం. ఆ సభ ఒప్పందం వద్దంది, ఒప్పందం లేకుండా వెళ్లడమూ వద్దంది, అసలు మానుకుందామంటే అదీ వద్దంది. మరి కావాల్సిందేమిటి? పత్రికల్లో "గందరగోళం" అని ఒక మాట రాసి వదిలేశారు. లోపలి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంకో చిన్నది: 202, 432 కలిపితే 634. సభ్యులు 650. మిగతా 16 మంది ఏమయ్యారు?

#2 నిబంధనావళి
మొదటి ప్రశ్నకు జవాబు 2011లో చేసిన స్థిరకాల పార్లమెంటు చట్టంలో ఉంది. అంతకుముందు బ్రిటిష్ ప్రధాని చేతిలో ఒక ఆయుధం ఉండేది. "ఈ ఓటును విశ్వాస పరీక్షగా తీసుకుంటున్నా, ఓడితే ఎన్నికలకు పోతా" అని బెదిరించవచ్చు. సొంత పార్టీలో గునిసేవాళ్లు సీటు భయంతో దారికొచ్చేవారు. 2011 చట్టం ఆ ఆయుధాన్ని లాగేసుకుంది. ముందస్తు ఎన్నికకు రెండే దారులు మిగిలాయి. ఒకటి, మొత్తం 650లో మూడింట రెండు వంతులు, అంటే 434 మంది ఒప్పుకోవాలి. హాజరైనవారిలో కాదు, మొత్తంలో. రెండు, చట్టంలో రాసిన మాటలతోనే అవిశ్వాసం నెగ్గాలి, 14 రోజుల్లో ఇంకే ప్రభుత్వమూ విశ్వాసం పొందకూడదు.

ఫలితం కళ్లముందే ఉంది. మే సొంత పార్టీ కన్జర్వేటివ్ సభ్యుడు మంగళవారం రాత్రి ఒప్పందాన్ని కూల్చి, బుధవారం సాయంత్రం ప్రభుత్వాన్ని కాపాడి ఇంటికెళ్లవచ్చు. నష్టం లేదు.

ఫిరాయింపులను ఆపే మన రాజ్యాంగం పదో షెడ్యూలు లాంటిది అక్కడ లేదు. విప్ ధిక్కరిస్తే పార్టీ నుంచి వెలి వేస్తారేమోగానీ సభ్యత్వం పోదు. ఆ రోజు ధిక్కరించిన 118 మంది ఇక్కడుంటే అనర్హత వేటే. (కొసరు: ఆ పార్టీకున్న 317 మందిలో 118 అంటే మూడో వంతు పైనే. 2003 సవరణకు ముందైతే "చీలిక" పేరుతో మన దగ్గరా బయటపడేవాళ్లు.)

#3 లెక్కల మాస్టారు
రెండో ప్రశ్న నాది.

2017 జూన్ ఎన్నికల్లో మే మెజారిటీ పోగొట్టుకున్నారు. కన్జర్వేటివ్ 317. బయటి నుంచి మద్దతిచ్చిన డీయూపీ (ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌తోనే ఉండాలనే అక్కడి పార్టీ) 10. మొత్తం 327. ఉత్తర ఐర్లండ్‌ను ఐర్లండ్‌లో కలపాలనే షిన్ ఫేన్ పార్టీవాళ్లు 7గురు రాజుకు విధేయత ప్రమాణం చేయరు కనక సభకే రారు. స్పీకరు, ముగ్గురు ఉపసభాపతులు ఓటేయరు. మిగిలిన 639లో గెలవడానికి 320 కావాలి. ఆ ఉపసభాపతుల్లో ఒకరు కన్జర్వేటివే కనక ప్రభుత్వానికి 326, అంటే 6గురి తోకతో బతుకుతున్న ప్రభుత్వం. ఆ 6 కూడా డీయూపీ ఉంటేనే.

ఒప్పందం మీద మూడుసార్లు ఓటు జరిగింది:

జనవరి 15: 202–432, తేడా 230, ఎదురు తిరిగిన కన్జర్వేటివ్‌లు 118
మార్చి 12: 242–391, తేడా 149, ఎదురు తిరిగినవాళ్లు 75
మార్చి 29: 286–344, తేడా 58, ఎదురు తిరిగినవాళ్లు 34

మూడోసారి 30 మంది అటు నుంచి ఇటు వస్తే చాలు, 316–314తో గట్టెక్కేది. కానీ ఆ 34 మంది ఒకే జాతి కాదు. 28 మంది "ఇది బ్రెగ్జిట్టే కాదు" అనే కరడుగట్టినవాళ్లు, 6గురు "మళ్లీ జనాన్నే అడుగుదాం" అనే పక్షం. ఒకే తలుపులోంచి నడిచి ఓటేసినా వెళ్లాలనుకున్న ఊళ్లు వేరు.

అసలు కీలకం ఇక్కడుంది. మొదటి బృందం లెక్క: గడువు దాటితే చట్టప్రకారం ఒప్పందం లేకుండానే బయటపడతాం, కాబట్టి ఆగితే మాకే లాభం. రెండో బృందం లెక్క: ఆలస్యమైతే గడువు పెరుగుతుంది, పెరిగితే 2016లో లాంటి రిఫరెండం (బ్రెగ్జిట్ మీద ప్రజల ఓటు) రెండోసారి వస్తుంది, ఆగితే మాకే లాభం. గడియారం మావైపే తిరుగుతోందని ఇద్దరూ నమ్మారు. మే ఒకరిని "నా ఒప్పందం లేదా నో డీల్" అని, ఇంకొకరిని "నా ఒప్పందం లేదా బ్రెగ్జిట్టే ఉండదు" అని బెదిరించారు. ఆ రెండు బెదిరింపులూ ఒకే సభలో, ఒకే టీవీలో వినిపించాయి. ఒకదాన్నొకటి చంపుకున్నాయి.

#4 కృష్ణవేణి
మాస్టారూ, లెక్క బాగుంది కానీ మీరిద్దరూ సభ చుట్టూనే తిరుగుతున్నారు. డీయూపీ వాళ్లు మూడుసార్లూ ఎదురే ఓటేశారు. వాళ్లకు గడియారంతో పనేముంది? అడ్డం పడింది ఐర్లండ్ సరిహద్దు. అది తేలకుండా ఏ నిబంధన మార్చినా ఉపయోగం లేదు.

#5 సరిహద్దు రాయి
కృష్ణవేణి గారన్నది నిజం. వివరంగా రాస్తాను, ఓపిక చేసుకోండి.

ఐర్లండ్ ద్వీపంలో ఉత్తర భాగం బ్రిటన్‌ది, మిగతాది ఈయూ సభ్యదేశం. మధ్య సరిహద్దు సుమారు 500 కిలోమీటర్లు, దాటే దారులు 200 పైమాటే. ఉత్తర ఐర్లండ్‌లో దశాబ్దాల హింసకు తెరదించిన 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత అక్కడి కాపలా శిబిరాలు ఎత్తేశారు. మళ్లీ ఒక్క తనిఖీ గది కట్టినా అది తుపాకులకు గురి అవుతుందని పోలీసుల భయం.

బ్రిటన్ ఒకేసారి మూడు కోరింది. ఒకటి, కస్టమ్స్ యూనియన్ (లోపల సుంకం లేదు, బయటి సరుకుకు అందరిదీ ఒకే సుంకం) నుంచీ సింగిల్ మార్కెట్ (సరుకులకు అంతటా ఒకే నిబంధనలు) నుంచీ బయటపడాలి. రెండు, ఐర్లండ్ భూసరిహద్దులో తనిఖీ ఉండకూడదు. మూడు, ఉత్తర ఐర్లండ్‌కూ బ్రిటన్‌కూ మధ్య సముద్రంలోనూ తనిఖీ ఉండకూడదు. వీటిలో ఏ రెండైనా దొరుకుతాయి. మూడూ దొరకవు.

ఎందుకంటే సరిహద్దులో చూసేది సుంకం ఒక్కటే కాదు. సరుకు ఏ దేశంలో తయారైందన్న మూల ధ్రువీకరణ చూడాలి, వ్యాట్ చూడాలి. మాంసం, పాలు, మొక్కలైతే పశువైద్య, సస్యరక్షణ పరీక్ష ఉంటుంది. ఈ చివరిదే కొరకరాని కొయ్య. ఈయూ చట్టం ప్రకారం దాన్ని సరిహద్దు చౌకీలోనే చేయాలి. ఫోన్ యాప్‌తో, డ్రోన్‌తో అయ్యే పని కాదు.

"నార్వేలా ఉందాం" అన్నవాళ్లున్నారు. నార్వే సింగిల్ మార్కెట్‌లో ఉంది, కస్టమ్స్ యూనియన్‌లో లేదు. అందుకే స్వీడన్ సరిహద్దులో లారీలు కాగితాలు చూపించాలి. "టర్కీలా ఉందాం" అన్నవాళ్లూ ఉన్నారు. టర్కీ కస్టమ్స్ యూనియన్‌లో ఉంది, సింగిల్ మార్కెట్‌లో లేదు. అక్కడా లారీలు బారులు తీరతాయి. సరిహద్దు పూర్తిగా మాయం కావాలంటే కస్టమ్స్ యూనియన్‌తో పాటు సరుకుల వరకైనా సింగిల్ మార్కెట్ నిబంధనలు కావాలి.

ఈ చిక్కు మొదటిరోజు నుంచే కాగితం మీద ఉంది. 2017 డిసెంబరు 4న ఒక ముసాయిదా దాదాపు ఖరారైతే డీయూపీ ఆపేసింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన సంయుక్త నివేదికలో 49వ పేరా "వేరే దారి లేకపోతే ఈయూ నిబంధనలకు అనుగుణంగా ఉంటాం" అని ఈయూకు మాటిచ్చింది. 50వ పేరా "బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్య కొత్త అడ్డంకులు రావు" అని డీయూపీకి మాటిచ్చింది. పక్కపక్కన రెండు పేరాలు, రెండు దిక్కులు. 2019 గొడవంతా ఆ రెండు పేరాల మధ్య సందులోంచి పుట్టిందే.

మే పరిష్కారం బ్యాక్‌స్టాప్. వాణిజ్య ఒప్పందం కుదిరేదాకా యావత్ బ్రిటన్‌నూ ఈయూతో ఒకే కస్టమ్స్ ప్రాంతంగా ఉంచడం, ఉత్తర ఐర్లండ్‌కు అదనంగా సరుకుల నిబంధనలు. దాంట్లోంచి బ్రిటన్ ఏకపక్షంగా బయటపడే వీల్లేదు. మార్చి 12న రెండో ఓటుకు కొన్ని గంటల ముందు అటార్నీ జనరల్ జెఫ్రీ కాక్స్ అభిప్రాయం వచ్చింది. కొత్తగా తెచ్చిన పత్రాలు కొంత ఊరటనిచ్చినా, ఇరుక్కుపోయే చట్టపరమైన ప్రమాదం మారలేదని చివరి పేరాలో తేల్చేశారు. ఆ పేరాతోనే ఓటు పోయింది.

#6 గోపాలం
ఇప్పుడు బోధపడుతోంది. కానీ మూడోసారి, నాలుగోసారి అదే ఒప్పందాన్ని పెట్టడానికి స్పీకరు అడ్డుపడ్డారని చదివా. అదెలా?

#7 నిబంధనావళి
మార్చి 18న స్పీకర్ జాన్ బెర్కో, ఒక సమావేశకాలంలో సభ తేల్చిన ప్రశ్ననే మళ్లీ అదే రూపంలో అడగకూడదని రూలింగ్ ఇచ్చారు. ఆయన చూపిన పూర్వాచారం 1604 నాటిది. ఆ రూలింగ్‌ను దాటడానికి ప్రభుత్వం ఒక ఎత్తు వేసింది. ఒప్పందంలో రెండు భాగాలున్నాయి: 585 పేజీల ఉపసంహరణ ఒప్పందం, దానికి తోడు రాజకీయ ప్రకటన. మార్చి 29న మొదటిదాన్ని మాత్రమే ఓటుకు పెట్టారు. సగం సరుకు కనక "అదే ప్రశ్న" కాదన్నమాట. అయితే 2018 నాటి ఈయూ ఉపసంహరణ చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆమోదానికి రెండూ కావాలి. కాబట్టి ఆ రోజు గెలిచినా పని పూర్తయ్యేది కాదు. గడువు మే 22 దాకా పెరిగేది, అంతే.

స్పీకర్ల మాట వచ్చింది కనక: గోపాలం గారు చెప్పిన 1999 ఓటు రోజున లోక్‌సభ స్పీకరు మన అమలాపురం బాలయోగి గారే. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదలని గమాంగ్ ఓటేయవచ్చా అన్న ప్రశ్నను ఆయన సభ్యుడి మనస్సాక్షికే వదిలేశారు. బెర్కో అలా వదిలే రకం కాదు. జనవరి 9న, సవరణకు వీల్లేదని అందరూ అనుకున్న ఒక కార్యక్రమ తీర్మానానికి సవరణను అనుమతించి, ఓడితే ప్రభుత్వం 3 పనిదినాల్లో తిరిగి సభకు రావాల్సిన పరిస్థితి తెచ్చారు.

అయితే ఓట్లు సమానమైనప్పుడు ఆయనా పాత పద్ధతే పాటించారు. ఏప్రిల్ 3న ఒక సవరణ మీద 310–310 వచ్చింది. 1993 తర్వాత అలా రావడం అదే మొదలు. లేని మెజారిటీని స్పీకరు సృష్టించకూడదన్న సంప్రదాయం మేరకు ఆయన "వద్దు" వైపు వేశారు. ఆ సవరణ దేనికో తెలుసా? మూడో విడత సూచనప్రాయ ఓట్లకు (సభ ఏ దారికి ఒప్పుకుంటుందో తెలుసుకోవడానికి పెట్టే ఓట్లు) ఒక రోజు కేటాయించడానికి!

#8 కృష్ణవేణి
సూచనప్రాయ ఓట్ల గురించి కూడా ఎవరైనా రాయండి. నా ఉద్దేశంలో తాళం అక్కడే తెరుచుకోవాల్సింది.

#9 లెక్కల మాస్టారు
రాస్తా. సభలో ఏం చర్చించాలో మామూలుగా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 14వ స్థాయీ నిబంధన అదే చెబుతుంది. మార్చి 25న కన్జర్వేటివ్ సభ్యుడు లెట్విన్ తెచ్చిన సవరణ 329–302తో నెగ్గి ఆ పట్టును ఒక రోజుకు సభ చేతికిచ్చింది. 27న 8 ప్రతిపాదనలు పెట్టి, మామూలుగా లాగా "అవును", "కాదు" లాబీల్లోకి నడవకుండా కాగితం మీద ఓటేయించారు. ఎనిమిదీ ఓడాయి. ఏప్రిల్ 1న నాలుగు మిగిలాయి:

కస్టమ్స్ యూనియన్: 273–276
కామన్ మార్కెట్ 2.0, అంటే నార్వే తరహా: 261–282
ఏ ఒప్పందమైనా ప్రజామోదం: 280–292
నో డీల్ తప్పకపోతే ఉపసంహరణ నోటీసు రద్దు: 191–292

మొదటిది 3 ఓట్లతో పోయింది చూడండి. అనుకూల ఓట్లు ఎక్కువ వచ్చింది మాత్రం మూడోదానికి. ఓటు వేసే విధానమే తప్పు. ప్రతి ప్రతిపాదనకూ "అవును/కాదు" అని విడివిడిగా అడిగారు. అలా అడిగితే తన మొదటి ఇష్టాన్ని బతికించుకోవాలంటే రెండో ఇష్టాన్ని చంపాలి. రెండో రిఫరెండం కావాలన్నవాళ్లలో కొందరు సరిగ్గా అందుకే కస్టమ్స్ యూనియన్‌కు ఎదురు ఓటేశారు. మంత్రివర్గం ఓటే వేయలేదు. 1, 2, 3 అని ప్రాధాన్యం రాయించి, చివరిదాన్ని తీసేస్తూ పోతే ఏదో ఒకటి తేలేది.

#10 నిబంధనావళి
ఇక్కడ మాస్టారితో విభేదిస్తాను. ప్రాధాన్య ఓటుతో ఏదో ఒకటి "గెలిచేది" నిజమే. కానీ సూచనప్రాయ ఓటుకు చట్టబలం లేదు. గెలిచినదాన్ని బిల్లుగా మార్చాలి. ఆ బిల్లు ప్రతి దశలో మళ్లీ అవును/కాదు ఓటే. చివరి లెక్కింపులో మూడో ఇష్టంగా ఓటు పడినవాళ్లు రెండో పఠనానికి (బిల్లు మూలసూత్రం మీద ఓటు) నిలబడతారా? అధికార పార్టీ ఆ బిల్లు తేనంటే ఎవరు తెస్తారు?

#11 లెక్కల మాస్టారు
తెచ్చారుగా! ఏప్రిల్ 3న కూపర్–లెట్విన్ బిల్లు కామన్స్‌లో ఒక్క రోజులో అన్ని దశలూ దాటింది. చివరి దశ మూడో పఠనం 313–312. ఒక్క ఓటు. ప్రభుత్వానికి ఇష్టం లేకుండానే చట్టమైంది.

#12 నిబంధనావళి
అది "గడువు అడుగు" అని ప్రధానిని ఆదేశించే బిల్లు, కొన్ని వాక్యాలది. కస్టమ్స్ యూనియన్ చర్చలు జరపమని ఆదేశించి, ఇష్టంలేని ప్రభుత్వం చేత ఏళ్ల తరబడి బేరమాడించడం వేరు. సభ బ్రేకు వేయగలదు, స్టీరింగు పట్టలేదు. సెప్టెంబరులో నో డీల్‌ను ఆపడానికి వచ్చిన బెన్ చట్టమూ బ్రేకే.

#13 ఓరుగల్లు వాసి
కొత్తగా చేరాను. మన రాష్ట్ర విభజనప్పుడూ ఇలాగే కదా, అసెంబ్లీ తిరస్కరించింది, అయినా బిల్లు పాసైంది. పోలిక కుదురుతుందా?

#14 కృష్ణవేణి
కుదరదండీ. తేడా మాత్రం పాఠమే. మన రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం చెప్పాలంతే, ఆమోదం అక్కర్లేదు. 2014 జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో తిరస్కరించినా ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించింది. "వద్దు" అనే హక్కు ఒకే చోట ఉంది. బ్రెగ్జిట్‌లో ఎన్ని చోట్ల ఉందో చూడండి: కామన్స్ సభ, యూరోపియన్ పార్లమెంటు, గడువు పెంచాలంటే మిగతా 27 దేశాల ఏకగ్రీవం. దానిపైన లెక్కకు మించిన బరువుతో డీయూపీ. ఆస్తుల పంపకం విభజన చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్ల దగ్గర మనకూ ఏళ్ల తరబడి ఇరుక్కుంది నిజమే. అయితే అది బయటపడ్డాక వచ్చిన చిక్కు. వాళ్లది గుమ్మం దాటకముందు చిక్కు.

#15 శ్రీలత
యూకేలో చదివే మన పిల్లల వీసాల మీద ఈ గొడవ ప్రభావం?

#16 మోడరేటర్
శ్రీలత గారూ, క్లుప్తంగా: ప్రతిష్టంభన వల్ల నేరుగా మారిందేమీ లేదు. ఈయూ పౌరుల స్వేచ్ఛా రాకపోకలు ముగిసి, 2021 జనవరి 1 నుంచి అందరికీ ఒకే పాయింట్ల విధానం వచ్చింది. నైపుణ్య వీసాలపై ఏడాదికి 20,700 పరిమితి ఎత్తేశారు. చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ రూట్ 2021 జులై 1న మొదలైంది. ఆ తర్వాత నిబంధనలు చాలాసార్లు మారాయి కనక దీనికి వేరే దారం తెరవండి. ఇక్కడ సభ సంగతే కొనసాగిద్దాం.

#17 గోపాలం
గడువు తేదీలు కూడా వింతగా ఉన్నాయి. మార్చి 29, ఏప్రిల్ 12, మే 22, అక్టోబరు 31, జనవరి 31. ఎక్కణ్ణుంచి వచ్చాయి?

#18 సరిహద్దు రాయి
ఈయూ ఒప్పందం 50వ అధికరణం కింద బయటపడతామని బ్రిటన్ నోటీసు ఇచ్చింది 2017 మార్చి 29న. రెండేళ్లకు 2019 మార్చి 29. మే 22 ఎందుకంటే, మర్నాడే యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలు మొదలు. ఏప్రిల్ 12 ఎందుకంటే, బ్రిటన్ ఆ ఎన్నికల్లో పాల్గొనాలంటే నోటిఫికేషన్‌కు అదే ఆఖరి రోజు. అక్టోబరు 31తో యూరోపియన్ కమిషన్ పదవీకాలం ముగుస్తుంది. చివరికి మూడేళ్ల కింద ఈయూ నుంచి పోదామని ఓటేసిన దేశంలోనే 73 మంది ఎంపీలను బ్రసెల్స్‌కు పంపే ఎన్నిక జరిగింది. కొత్తగా పుట్టిన బ్రెగ్జిట్ పార్టీకి 29 సీట్లు, అధికార పార్టీకి 4. పోలింగ్ మర్నాడు, మే 24న థెరిసా మే రాజీనామా ప్రకటించారు. ఫలితాలు అప్పటికింకా రాలేదు.

#19 ఓరుగల్లు వాసి
మరి మే తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ అదే సభతో ఎలా నెగ్గారు?

#20 నిబంధనావళి
అదే సభతో నెగ్గలేదు. సభనే మార్చుకున్నారు.

మొదట సెప్టెంబరులో ఐదు వారాలు సభను ప్రోరోగ్ చేశారు, అంటే సమావేశాలు ఆపేశారు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. ఈలోపు సెప్టెంబరు 3న ఒక సభ్యుడు లేచి ఎదురు బెంచీల్లో కూర్చోగానే మెజారిటీ పోయింది. ఆ రాత్రే ఎదురు ఓటేసిన 21 మందిని పార్టీ నుంచి వెలి వేశారు. బెన్ చట్టం అక్టోబరు 19 లోగా ఒప్పందమో, నో డీల్‌కు సభ సమ్మతో రాకపోతే జనవరి 31 దాకా గడువు కోరుతూ ఈయూకు ప్రధాని లేఖ రాయాలంది. ఆ లేఖ భాష సైతం చట్టంలోనే రాసిపెట్టారు. జాన్సన్ సంతకం పెట్టకుండా పంపారు. అయినా చెల్లింది. ఈయూకు కావాల్సింది అభ్యర్థన, సంతకం కాదు.

అక్టోబరు 22న ఒక సంగతి జరిగింది, చాలామంది మరిచిపోతారు. జాన్సన్ బిల్లు రెండో పఠనంలో 329–299తో గెలిచింది! ఓడింది కాలపట్టిక. 110 పేజీల బిల్లును 3 రోజుల్లో ముగించాలన్న తీర్మానం 308–322తో పోయింది. మాస్టారి వాదానికి ఇది కాస్త బలమే అని ఒప్పుకుంటున్నా.

#21 సరిహద్దు రాయి
ఆ ఒప్పందంలో మారింది ఒకటే అని చెప్పాలి. మూడు కోరికల్లో మే మొదటిదాన్ని సడలించారు, జాన్సన్ మూడోదాన్ని వదిలేశారు. తనిఖీ సముద్రంలోకి వెళ్లింది. డీయూపీ వ్యతిరేకించింది గానీ, అప్పటికే మెజారిటీ లేని ప్రభుత్వానికి ఆ 10 మంది అవసరమే తీరిపోయింది. ఉత్తర ఐర్లండ్ అసెంబ్లీ నాలుగేళ్లకోసారి సమ్మతి తెలపాలన్న ఏర్పాటు చేర్చారు. మామూలు మెజారిటీ చాలు కనక డీయూపీకి వీటో లేదు. తర్వాత సాసేజ్‌లు సముద్రం దాటవచ్చా లేదా అని తగాదా, 2023 ఫిబ్రవరిలో ఈయూతో కుదిరిన విండ్సర్ ఏర్పాటుతో ఆకుపచ్చ, ఎరుపు వరుసలు. సరుకు ఉత్తర ఐర్లండ్‌లోనే ఆగితే ఆకుపచ్చ, ఈయూలోకి పోయే వీలుంటే ఎరుపు. చిక్కు పోలేదు, రేవులకు మారింది.

#22 గోపాలం
434 మంది ఒప్పుకుంటే తప్ప ఎన్నిక లేదన్నారు కదా, మరి డిసెంబరులో ఎలా వచ్చింది?

#23 నిబంధనావళి
మూడుసార్లు అడిగి మూడుసార్లూ భంగపడ్డారు: సెప్టెంబరులో 298, 293, అక్టోబరు 28న 299 ఓట్లే వచ్చాయి. ప్రతిపక్షం చాలావరకు ఓటే వేయలేదు. వేయకపోయినా 434 రాదు కదా. మర్నాడు దారి మార్చి, "2011 చట్టం ఎలా ఉన్నా ఈసారికి డిసెంబరు 12న ఎన్నిక" అని చిన్న బిల్లు తెచ్చారు. మామూలు బిల్లుకు మామూలు మెజారిటీ చాలు. మూడింట రెండు వంతుల తాళానికి అంతసేపూ పక్కనే తాళంచెవి వేలాడుతోందన్నమాట. దానికి సవరణల భయం ఉంది, 16 ఏళ్లకు ఓటుహక్కు లాంటివి తగిలిస్తారని. కానీ అప్పటికి గడువు జనవరి 31కి పెరిగి నో డీల్ భయం తగ్గింది కాబట్టి ప్రధాన ప్రతిపక్షం లేబర్ పార్టీ ఒప్పుకుంది. 438–20. ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లు 365. 2020 జనవరి 31 రాత్రి 11కు బయటపడ్డారు. 2011 చట్టాన్ని 2022లో రద్దు చేశారు.

#24 గోపాలం
అందరికీ ధన్యవాదాలు. నా 16 మంది లెక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

#25 లెక్కల మాస్టారు
అయ్యో, మరిచాను. షిన్ ఫేన్ 7, స్పీకరు, ముగ్గురు ఉపసభాపతులు కలిపి 11. రెండు లాబీల గుమ్మాల దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టే టెల్లర్లు పక్షానికి ఇద్దరు చొప్పున 4గురు, వాళ్లను ఓట్లలో కలపరు. 15 అయ్యారు. మిగిలిన ఒక్కరు ఆరోగ్యం బాగోక రాలేకపోయిన లేబర్ సభ్యుడు. అంటే ఆ రాత్రి రాగలిగినవాళ్లంతా వచ్చారు. లేబర్ సభ్యురాలు తులిప్ సిద్దిఖ్ సిజేరియన్‌ను రెండు రోజులు వెనక్కి జరుపుకుని చక్రాల కుర్చీలో వచ్చారు. ఆ నెలాఖరులోనే ప్రసవ సెలవులో ఉన్నవారి ఓటు మరొకరు వేసే పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు.